అలిస్సము: గుర్తించు విధము, పెంచు విధము

చిక్కుడు తోటకు పేనుబంక పట్టినపుడు మందు చల్లుట తప్ప వేరు మార్గము లేదా యని మన సంఘ సభ్యులు పలుమారు అడుగుచున్నారు. వేరు మార్గములు కలవు. పేనుబంకను తిని బ్రదుకు పురుగులకు పొలములోనే ఆహారము కల్పించి, వానిని అక్కడ నిలుపుకొనుట వానిలో నొకటి. ఈ పనికి అన్యదేశములలో పేరుగన్న చిన్న పూలమొక్క యొకటి యున్నది. దానిని అలిస్సము అందురు. అది నేల నంటి పరచుకొని పెరుగును. చలికాలమంతయు పూలతో నిండియుండును. నార్కట్‌పల్లి ప్రాంతపు ఎర్ర చెలకలలో దీనిని ఎట్లు పెంచవలెను, దీనివలన ఏమి ఆశింపవచ్చును, అన్నిటికంటె ముందు దీనిని ఎట్లు గుర్తింపవలెను అను సంగతులను ఈ వ్యాసమున వివరించెదను.

గుర్తించుటను ముందు పెట్టుటకు కారణము కలదు. అది నా పొరపాటు గనుక దాచక చెప్పెదను.

రెండేండ్ల క్రిందట స్వాతి కార్తెలో, నార్కట్‌పల్లికి చేరువనున్న ఒక గ్రామమున, ఒక రైతునకు అలిస్సపు విత్తనముల చిన్న పొట్లము నిచ్చితిని. “చిక్కుడు సాళ్ల అంచున చల్లుడు, తెల్లని చిన్న పూలు పూయును, కాపాడుడు” అని మాత్రము చెప్పి వచ్చితిని. రెండు నెలలు గడచిన పిదప పోయి చూడగా గట్టు నిండ తెల్లని పూలు కనబడెను. దూరమునుండి చూచి సంతోషించితిని. దగ్గరకు పోగా అది వయ్యారిభామ! అలిస్సపు మొలక మిక్కిలి సన్నము. కలుపు తీయువారు దానిని గడ్డి యనుకొని పీకివేసిరి. పెంటతో వచ్చిన వయ్యారిభామను నేను చెప్పిన మొక్క యని తలచి నీరు పెట్టి పెంచిరి. “మీరు జెప్పిన తెల్లపూలే గద సారూ” అని రైతు అడిగినపుడు నాకు మాట రాలేదు. అతని భార్య ముంజేతులు రెండును దద్దురులెక్కి ఎర్రబడి యుండెను. ఆమె నెల దినములు పొలము పనికి రాలేకపోయెను.

తెల్లని చిన్న పూలు అనునది ఏ మొక్కకును గుర్తు కాదు. మన గట్లమీద తెల్లని చిన్న పూలు పూయు మొక్కలు అనేకములున్నవి. కావున విత్తనము చేతికి తీసుకొనక ముందే ఈ క్రింది గుర్తులను మనస్సున నుంచుకొనుడని నా మనవి.

పుట్టినచోటు, పేరు

ఈ మొక్క మధ్యధరా సముద్రతీరమునకు చెందినది. అక్కడి రాతినేలలలోను, ఇసుకలోను తనంత తాను మొలచును. స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడగు లిన్నేయసు 1753లో దీనిని తన గ్రంథమున చేర్చి శాస్త్రనామము పెట్టెను. పిదప దీనిని అలిస్సము జాతిలో కలిపిరి. ఆ మీదట వేరుజాతిగా తేల్చి లోబులేరియా మారిటిమా అను పేరు నిలిపిరి. ‘మారిటిమా’ యనగా సముద్రతీరపుది అని యర్థము. శాస్త్రమున పేరు మారినను తోటవారి వాడుకలో పాతపేరు మారలేదు. విత్తనపు పొట్లములపై ‘అలిస్సం’ అనియో, ‘స్వీట్ అలిస్సం’ అనియో, ‘లోబులేరియా’ అనియో ఉండును. అసలు అలిస్సపు జాతిలో చేరినవి చాలవరకు పసుపుపచ్చని పూలు పూయునవి, అవి వేరు. పొట్లముపై పసుపుపూల బొమ్మ యున్నచో అది మనకు పనికివచ్చునది కాదని తెలియవలెను.

అలిస్సము అను మాట గ్రీకు భాషనుండి వచ్చినది. ‘లిస్సా’ యనగా పిచ్చి. ముఖ్యముగా కుక్కకు పట్టు పిచ్చి. ఈ పేరు గల మొక్క ఆ పిచ్చిని పోగొట్టునని ప్రాచీనులు నమ్మిరి. ఆ నమ్మకమునకు ఆధారమేమియు లేదు. కుక్క కరచినచో గాయమును సబ్బుతోను, ధారగా పోయు నీటితోను పావుగంటసేపు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. ఏ ఆకు పసరును దానికి బదులు కాదు.

గుర్తించు విధము

నేను మిషను బడిలో చదువుకొను కాలమున మా వృక్షశాస్త్రపు ఉపాధ్యాయులు మా చేతికి ఆవపువ్వు నిచ్చి, పుస్తకములు మూయించి, “ముందు రేకలు లెక్కించుడు, పేరు తరువాత చెప్పెదను” అనెడివారు. ఆ పద్ధతియే ఇక్కడను పనికివచ్చును. అలిస్సము ఆవ కుటుంబమునకు చెందిన మొక్క. కావున ఆవపువ్వును ఎరిగినవారు దీనిని సగము ఎరిగినట్లే.

పువ్వు: ఒక్కొక్క పువ్వు పెసరగింజంత యుండును. దానికి రేకలు నాలుగు. ఎదురెదురుగా సిలువవలె అమరియుండును. రేకలు గుండ్రనివి, నాలుగును ఒకే కొలతవి. లోపల కేసరములు ఆరు. వానిలో నాలుగు పొడవు, రెండు పొట్టి. ఇట్టి పూలు అనేకములు కొమ్మ చివర గుత్తిగా చేరియుండును. క్రింది పూలు కాయలగుచుండగా గుత్తి నడుమ క్రొత్త పూలు విచ్చుచుండును. తెలుపేగాక ఊదా, గులాబి రంగుల రకములును కలవు. అమెరికా దేశపు పూలవిత్తనముల పోటీలలో ‘రాయల్ కార్పెట్’ అను ఊదారకము 1953లోను, ‘రోజీ ఓడే’ అను గులాబిరకము 1961లోను బహుమానము పొందినవి. పొలపు పనికి తెల్లరకమే చాలును.

వాసన: పూలను ముక్కు దగ్గర పెట్టుకొన్నచో తేనెవాసన వచ్చును. ఎండ వెచ్చబడిన వేళ ఈ వాసన బాగుగా తెలియును.

ఆకు: సన్నగా, పొడవుగా, అంచు చీలక, పండ్లు లేక యుండును. ఒక అంగుళమునకు కొంచెము ఎక్కువ తక్కువగా నుండును. ఆకుపై సన్నని నూగు అంటియుండుటచే ఆకుపచ్చలో కొంత బూడిదరంగు కలసి కనబడును.

కాయ: ఇది అన్నిటికంటె నమ్మదగిన గుర్తు. కాయ చిన్నది, కోలగా గుండ్రనిది, అనుప చివర సన్నని మొన కలది. చిదిపి చూచినచో నడుమ పలుచని పొర, ఆ పొరకు ఇరుప్రక్కల ఒక్కొక్క గింజ ఉండును. కాయకు రెండే గింజలు.

ఎత్తు: నాలుగు అంగుళములు మొదలు ఒక అడుగు లోపల. అంతకు మించి నిటారుగా పెరిగినది అలిస్సము కాదు.

దీనిని పోలిన మొక్కలు

వయ్యారిభామ: దీనినే కాంగ్రెసుగడ్డి యందురు. ఇది అమెరికా ఖండపు మొక్క. మనదేశమున 1955 ప్రాంతమున పుణె నగరమున కనబడి, అక్కడినుండి దేశమంతటను వ్యాపించినది. దూరమునకు తెల్లని చిన్న పూలుగా కనబడినను, దగ్గర చూచినచో ఒక్కొక్కటి చిన్న గుండీవంటి పూలగుంపు. దాని అంచున ఐదు మూలలు తేలియుండును. నాలుగు రేకలుండవు, తేనెవాసన ఉండదు. ఆకు క్యారెట్టు ఆకువలె లోతుగా చీలియుండును. లేతదశలో ఆకులన్నియు నేలమీద చక్రమువలె పరచుకొనును. పిదప నడుమనుండి కాడ లేచి రొమ్మెత్తు వరకు పోవును. తాకిన కొందరికి చర్మము దద్దురెక్కును. దాని పుప్పొడి కొందరికి ఆయాసము కలిగించును. ఒక్కొక్క మొక్క వేలకొలది గింజలను రాల్చును. కావున పూవు రాకముందే, చేతులకు తొడుగులు వేసికొని, నేల తడిగా నున్నపుడు వేరుతో లాగవలెను.

గడ్డిచామంతి: ఇది నేలపై ప్రాకును గనుక తొలిచూపునకు మోసపుచ్చును. కాని ఒక్కొక్క పువ్వు జానెడు పొడవు కాడపై ఒంటరిగా నిలుచును. నడుమ పసుపుపచ్చని బొడ్డు, చుట్టును చివర చీలిన తెల్లని రేకలు ఉండును. ఆకు అంచున రంపపు పండ్లుండును.

వామింట: ఇది చాల దగ్గరి పోలిక. దీని తెల్లని పువ్వునకును రేకలు నాలుగే, కేసరములు ఆరే. కాని ఆకు అరచేయివలె మూడో, ఐదో ఆకులుగా విడియుండును. కాండము జిగురుగా నుండును. కాయ సన్నగా, అంగుళముల పొడవున సాగును. రేకల లెక్క ఒక్కటే చాలదని, ఆకునుగూడ కాయనుగూడ చూడవలెనని వామింట మనకు నేర్పును.

క్యాండీటఫ్ట్: ఇది పట్టణపు తోటలలో చలికాలమున పెంచు పూలమొక్క. విత్తనములు అలిస్సముతోపాటే అమ్ముదురు గనుక పొట్లములు తారుమారగుట కలదు. ఇదియు ఆవ కుటుంబపుదే, నాలుగు రేకలదే. అయితే గుత్తి అంచునగల పూలలో బయటి రెండు రేకలు పెద్దవి, లోపలి రెండు చిన్నవి. అలిస్సపు రేకలు నాలుగును సమానము.

కాలము, నేల

ఈ మొక్క ఎండకు ఓర్వదు. మన ప్రాంతమున వేసవి ఎండ 42 డిగ్రీలు దాటును. ఆ వేడిమిలో ఇది నిలువజాలదు. వానకాలపు ముసురులో వేరు కుళ్లును. కావున ఇది మనకు యాసంగి మొదటిసగపు అతిథి యనుకొనవలెను. స్వాతి కార్తెలో, అనగా అక్టోబరు చివర, నారు పోసి, అనూరాధ కార్తెలో, అనగా నవంబరు చివర, నాటినచో జనవరి నెలకు పూలు నిండుగా వచ్చును. శివరాత్రి దాటి ఎండలు ముదురగానే ఆకు పసుపెక్కి మొక్క వాడును. అప్పుడు నీరు పెట్టి దానిని బ్రదికింపజూచుట వృథా.

నీరు నిలువని నేల యేదైనను సరిపోవును. మన ఎర్ర చెలక, దుబ్బనేల దీనికి అనుకూలములు. నల్లరేగడిలో నాటవలసివచ్చినచో జానెడు ఎత్తు కట్టపై నాటవలెను. ఎరువు ఎక్కువ కూడదు. చివికిన పశువుల ఎరువు కొంచెము చాలును. యూరియా వేసినచో ఆకు పెరుగును, పువ్వు తగ్గును. సముద్రపు ఒడ్డు మొక్క యగుటచే కొద్దిపాటి ఉప్పుదనమునకు ఓర్చుకొనును. అయినను మొలకదశలో బోరుబావి ఉప్పునీరు పోయుటకంటె చెరువునీరు పోయుట మేలు.

నారు పోయుట

విత్తనములను పొలములో నేరుగా చల్లవలదు. నేను చేసిన పొరపాటు అదియే. చల్లిన విత్తనము ఎక్కడ మొలచునో తెలియదు; మొలచినది మనదో కలుపో అంతకంటె తెలియదు. నారు పోసి, సాలుపట్టి, కొలతప్రకారము నాటినచో సాలు తప్పి మొలచినదెల్ల కలుపేయని పసిపిల్లలు సైతము చెప్పగలరు.

గింజ మిక్కిలి చిన్నది. ఒక గ్రామునకు సుమారు 3,000 గింజలు తూగును. కావున ఇరువది రెట్లు సన్నని ఇసుకతో కలిపి చల్లవలెను. నారుమడి మన్ను జల్లించి, చదునుచేసి, ముందే తడుపవలెను. గింజకు వెలుతురు తగులుట మొలకకు మంచిది గనుక పైన మన్ను కప్పరాదు. పలకతో మెల్లగ అదిమిన చాలును. కుండతో నీరు గుమ్మరించినచో గింజలన్నియు ఒక మూలకు కొట్టుకొనిపోవును. సన్నని చిల్లుల డబ్బాతో చిలుకరింపవలెను. తడి ఆరకుండుటకు పలుచగా వరిగడ్డి పరచి, మొదటి మొలక కనబడిన దినముననే తీసివేయవలెను. చలిపూట పోసినది వారము మొదలు రెండు వారములలో మొలచును. చీమలు గింజలను మోసికొనిపోవును గనుక మడిచుట్టు నీటికాలువ తీయుట మంచిది. నారు దట్టమై తడి ఎక్కువైనచో మొదలు కుళ్లి పడిపోవును. అట్టిచో కొంత నారు పెరికి గాలి ఆడనీయవలెను.

లేతనారును గుర్తించుట అవసరము. అలిస్సపు మొలక ఆకులు మొదటినుండియు చీలక సన్నగా నుండును. వయ్యారిభామకు మొదటి ఆకులు గుండ్రముగా వచ్చినను, పిదప వచ్చునవి అంచు చీలి, నేలకు అతుకుకొని చక్రమగును. అట్టిది నారుమడిలో కనబడిన వెంటనే తీసివేయవలెను.

నాటుట, కాపాడుట

మూడు నాలుగు వారముల నారును సాయంకాలమున తొమ్మిది అంగుళముల ఎడమున నాటి నీరు పెట్టవలెను. పిదప చెలకలో నాలుగైదు దినములకొక తడి చాలును; నేల పైపొర ఆరిన పిమ్మటనే మరల నీరు పెట్టవలెను. విత్తిన ఆరు మొదలు ఎనిమిది వారములలో పువ్వు మొదలగును. తొలి పూత ముదిరి గుత్తులు కాయలతో సాగినపుడు మొక్కను పైనుండి మూడవ వంతు కత్తిరించి ఒక తడి యిచ్చినచో క్రొత్త కొమ్మలు వచ్చి మరల పూయును.

మరుసటి యేటికి విత్తనము కావలసినవారు కొన్ని మొక్కలను కత్తిరింపక విడువవలెను. కాయలు గడ్డిరంగునకు తిరిగినపుడు ప్రొద్దుట గుత్తులను కోసి, బట్టపై నీడన ఆరవేసి, నలిపి చెరుగవలెను. రంగురకములు ప్రక్కప్రక్కన నున్నచో తేనెటీగలవలన కలసిపోవును గనుక విత్తనపు మడిలో ఒక్క రకమునే యుంచవలెను.

పేనుబంకను అణచుట ఎట్లు?

ఈ మొక్క పేనుబంకను తానుగా చంపదు. చంపునది సిర్ఫిడ్ ఈగ పిల్లపురుగు. సిర్ఫిడ్ ఈగను మన రైతులు చూడకపోలేదు. తేనెటీగ యనుకొని విడిచినారు. పొట్టపై పసుపు, నలుపు పట్టెలుండి, గాలిలో ఒకేచోట నిలిచి రెక్కలాడించి, చటుక్కున ప్రక్కకు జరుగునది అదియే. తేనెటీగకు రెక్కలు నాలుగు, దీనికి రెండు, ఇది కుట్టదు. పెద్ద ఈగ పూతేనెను, పుప్పొడిని మాత్రమే తినును. పుప్పొడి లేనిదే ఆడఈగకు గ్రుడ్లు పండవు. అది పేనుబంక గుంపుల నడుమ బియ్యపు నూకవంటి తెల్లని గ్రుడ్లను ఒక్కొక్కటిగా పెట్టును. గ్రుడ్డునుండి వచ్చిన కాళ్లులేని పచ్చని పురుగు పేనుబంకను నోట కరచి పైకెత్తి రసము పీల్చును. ఎదిగి గూడు కట్టులోపల ఒక్కొక్కటి వందలకొలది పేనుబంకను తినును. ఈ పురుగును చూచి ఆకుతినునదని భ్రమపడి నలిపివేయువారు కలరు. అది మన సేవకుని మనమే చంపుట.

పువ్వునకు ఈగకు గల సంబంధము ఇదియే. పొలము దగ్గర ఎల్లప్పుడు చిన్న పూలున్నచో ఈగ అక్కడ నిలుచును. నిలిచినచో పేనుబంక వచ్చిన తొలిదినములలోనే గ్రుడ్లు పెట్టును. పెద్ద పూలలో తేనె లోతున నుండును. అలిస్సపు పూవు చిన్నది, తేనె పైననే యుండును గనుక పొట్టినోటి ఈగకు అందును. అక్షింతల పురుగులకును, పేనుబంకలో గ్రుడ్డుపెట్టు సన్నని కందిరీగలకును ఇట్టి పూలు ఉపయోగపడును.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు సలీనాసు లోయలో, మందులు వాడక లెట్యూసు అను ఆకుకూరను పెంచు రైతులు ఈ కారణము చేతనే అలిస్సమును సాళ్లలో నాటుచున్నారు. అక్కడ ఆ దేశపు వ్యవసాయశాఖకు చెందిన ఎరిక్ బ్రెన్నన్ అను శాస్త్రజ్ఞుడు రెండేండ్లు పరీక్షించి 2013లో ఫలితములను ప్రకటించెను. పంటమొక్కలలో నూటికి రెండు మొదలు ఎనిమిదివరకు తీసి వాని స్థానమున అలిస్సము నాటుట ఒక పద్ధతి. పంటమొక్కలను తీయక నడుమ ఖాళీలలో అలిస్సమును చేర్చుట రెండవ పద్ధతి. రెండవది ఆశాజనకమైనదని ఆయన అభిప్రాయము.

అయితే సలీనాసు సముద్రపుగాలి వీచు చల్లని లోయ. నార్కట్‌పల్లి అట్టిది కాదు. అక్కడ జరిగినది ఇక్కడ అట్లే జరుగునని నేను చెప్పను. మనకు అనుకూలించు సంగతి యొకటి మాత్రము కలదు. చిక్కుడునకు నల్ల పేనుబంక పట్టునది చలికాలముననే. అలిస్సము పూయునదియు ఆ కాలముననే.

ఎంత నాటవలెను?

అర ఎకరము, అనగా ఇరువది గుంటల చిక్కుడు కలదనుకొనుడు. నూటికి ఐదు వంతుల లెక్కన అలిస్సమునకు ఒక గుంట కావలెను. గుంటకు 121 చదరపు గజములు. తొమ్మిది అంగుళముల ఎడమున సుమారు 1,900 మొక్కలు పట్టును. మొలవనివి, చచ్చునవి పోగా రెండు గ్రాముల విత్తనము చాలును. మొదటి యేట ఇంతయు వలదు. అందు నాలుగవవంతు, సుమారు ఐదువందల మొక్కలు, గట్టు వెంటను, సాళ్ల మొదళ్లలోను నాటి చూచుట తెలివి. బత్తాయి తోటలవారు చెట్టునీడన నాటవలదు. ఎండ తగులు అంచులలో, చెట్టు పాదునకు దూరముగా నాటవచ్చును.

జాగ్రత్తలు

ఒకటి: అలిస్సము ఆవ కుటుంబపుది గనుక, గోబి, ముల్లంగి, ఆవ పంటలకు పట్టు కొన్ని పురుగులు దీనికిని పట్టును. ఆ పంటల ప్రక్కన నాటినవారు వారమునకొకసారి అలిస్సపు ఆకుల అడుగుభాగమును చూడవలెను. పచ్చని గొంగళిపురుగులు విస్తారముగా నున్నచో ఆ మొక్కలను పెరికి దూరముగా పాతిపెట్టవలెను.

రెండు: పూలపై ఏ పురుగుమందును పడనీయరాదు. పూలను నాటి ఈగను పిలిచి, ఆ పూలపైననే విషము చల్లుట అతిథిని పిలిచి కొట్టినట్లు. పేనుబంక అదుపు తప్పినచో నూటికి ఐదు పాళ్ల వేపగింజల కషాయమును, అనగా లీటరు నీటికి 50 గ్రాముల గింజపప్పు చొప్పున, సాయంకాలమున పేనుబంక పట్టిన చిగుళ్లకు మాత్రమే తగులునట్లు చల్లవలెను. దుకాణమునుండి నారు కొనువారు దానికి ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు పోసిరా యని అడుగవలెను. అట్టి మందు మొక్కలోనికి పోయి పూతేనెలోనికి సైతము చేరును.

మూడు: చీమలు పేనుబంక విడుచు తీపిజిగురునకై వచ్చి, దానిని కాచి, ఈగ పిల్లపురుగులను తరుమును. చిక్కుడు తీగలపై చీమలబారు కనబడినచో వాని పుట్టలను వెదకి ముందు వానిని తొలగింపవలెను.

నాలుగు: ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా తీరములలో ఇది తోట దాటి ఇసుకదిబ్బలపై కలుపుగా వ్యాపించినది. మన వేసవి దీనిని అదుపులో నుంచును. అయినను వాడిన మొక్కలను కాయలతో కాలువలలో పారవేయరాదు.

స్వయముగా పరీక్షించుట

పొలమున ఒక చివర పూలు నాటి, రెండవ చివర నాటక విడువవలెను. వారమునకొక దినము రెండుచోట్లను పదేసి చిగుళ్లను పట్టి, ఎన్నింటికి పేనుబంక కలదో, ఎన్నింటిలో పచ్చని పిల్లపురుగులు కలవో పుస్తకమున వ్రాయవలెను. రెండు చివరలు ఆనుకొనియున్నచో ఈగ అటునిటు పోవును గనుక నడుమ సాధ్యమైనంత దూరముండవలెను. ఈ లెక్క లేనిదే మేలు జరిగినదనియు జరుగలేదనియు చెప్పుట ఊహయే యగును.

విత్తనము దొరకనివారు చింతింపవలసిన పనిలేదు. మన పెరటి ధనియపు మొక్కను కోయక పూతకు విడిచినచో దాని చిన్న తెల్లపూలకును ఈ ఈగలు వచ్చును. పదిహేను దినముల ఎడమున మూడు విడతలుగా ధనియాలు చల్లినచో చలికాలమంతయు పూలుండును. పిదప గింజయు చేతికి వచ్చును. అలిస్సపు గొప్పతనము నేల నంటియుండి ఎడతెగక పూయుటయే. ధనియపు గొప్పతనము మనకు తెలిసిన మొక్క యగుట. రెండును చేరి యుండిన మరింత మంచిది.

పైన చెప్పిన రైతు గడచిన యాసంగిలో అలిస్సమును నారు పోసి, త్రాడు పట్టి నాటించెను. నాటులోపల అతని భార్య నారుమడిలో కూర్చుండి, సన్నని ఆకును చీలిన ఆకును వేరుచేసి నాకు చూపెను. నేను రెండు నెలలకు చూచినదానిని ఆమె రెండు వారములకే చూడగలిగెను. వయ్యారిభామను ఇప్పుడు ఆ గట్టుపై నిలువనీయరు.

అనుమానమున్న మొక్కను ఒక్క పువ్వు మాత్రము త్రుంచి తేక, ఆకు, పువ్వు, కాయ కలిగిన కొమ్మగా కాగితమున చుట్టి నాకు చూపుడు. లేదా కంపాసాగరు కృషి విజ్ఞాన కేంద్రమున చూపుడు. వయ్యారిభామ యేమోయని తోచినచో వట్టిచేతులతో ముట్టవలదు. రాబోవు యాసంగికి విత్తనము కావలసిన సభ్యులు చిత్త కార్తె లోపల సంఘపు గుమాస్తావద్ద తమ పేర్లు వ్రాయించుకొనవలెను. ఈసారి పొట్లముతోపాటు ఎండబెట్టిన అలిస్సపు కొమ్మ నొకదానిని, వయ్యారిభామ ఆకు నొకదానిని వేరువేరు కాగితములపై అతికించి ఇచ్చెదను. ఆ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పిమ్మటనే నారుమడిలో చేయి పెట్టుడని ప్రార్థన.